మీటింగులో కూర్చోవడానికి ఒక షేరు

మా ఆయనకు షేర్ల పిచ్చి ఉందని ఢిల్లీ పక్కన వైశాలిలో మా బ్లాకంతా అనుకుంటారు. ఆయనకున్నది షేర్ల పిచ్చి కాదు, మీటింగుల పిచ్చి. ఈ రెండింటికీ తేడా ఏమిటో పెళ్లయిన కొత్తలో నాకూ తెలియదు. తెలిశాక, ఆయన్ని మార్చాలన్న ఆశ వదిలేసుకున్నాను.

పేరు ఉమాశంకర్. ఊరు రేపల్లె. కృషి భవన్‌లో సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో స్నేహితుడు చెబితే ఒక సిమెంటు కంపెనీ షేర్లు కాసిని కొన్నారట. ఏడాది తిరిగేసరికి వాటాదారుల సమావేశానికి రమ్మని పోస్టులో ఆహ్వానం వచ్చింది. వెళ్లారు. గేటు దగ్గర సూటు వేసుకున్న మనిషి నమస్కారం పెట్టి లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడట. ఆఫీసులో రోజంతా పై వాళ్లకు నమస్కారాలు పెట్టే మనిషికి ఆ ఒక్క నమస్కారం తలకెక్కింది. అప్పటినుంచి ఏ కంపెనీదైనా ఒకటో రెండో షేర్లు కొనడం, ధర సంగతి మరిచిపోవడం, మీటింగు పిలుపు కోసం ఎదురుచూడడం. ఆగస్టు, సెప్టెంబరు నెలలు వచ్చాయంటే ఆయన సెలవులన్నీ సిరిఫోర్టులోనో మండీ హౌస్ పక్క ఆడిటోరియాల్లోనో ఖర్చయ్యేవి. మేం ఊటీ చూడకపోవడానికి అదే కారణం. ఆ మాట ఇప్పటికీ నెలకోసారైనా అంటాను.

ఢిల్లీలో ఇలాంటివాళ్లు ఒక దండే ఉండేవారు. పంజాబీ తాతగార్లు, రిటైరైన బ్యాంకు వాళ్లు, కరోల్‌బాగ్ కొట్ల వాళ్లు. ఏ మీటింగుకి వెళ్లినా వాళ్లే. సమోసా పెట్టె తీసుకునేవారు, కబుర్లు చెప్పుకునేవారు, మైకు అందితే లేచి ఛైర్మన్‌ని ఏదో ఒకటి అడిగేవారు. మా ఆయనైతే వార్షిక నివేదిక మొత్తం చదివి, ఎక్కడో మూలన చిన్న అక్షరాల్లో ఉన్నదాని గురించి అడిగేవారు. ఇంట్లో పాలు అయిపోయాయన్న సంగతి మాత్రం ఆయన కంటపడేది కాదు.

నేను తెలుగు స్కూల్లో టీచర్ని. మా అమ్మాయి ప్రవల్లికకు జ్వరమొచ్చి తగ్గి, స్కూలుకి పోకుండా ఇంట్లో ఒక్కతే ఉండాల్సిన రోజుల్లో, ఆయన దాన్ని కూడా మీటింగులకు వెంటబెట్టుకు పోయేవారు. అలా ఒకరోజు వచ్చి అది నన్ను అడిగింది, స్టేజీ మీద ఛైర్మన్ పక్కన చీర కట్టుకుని కూర్చున్న ఆంటీ ఎవరని. ఎవరేం అడిగినా ఛైర్మన్ ముందు ఆవిడ వైపే వంగుతాడట. ఆవిడ చెవిలో ఏదో చెబితే, అప్పుడు జవాబు చెబుతాడట. వాళ్ల నాన్న అన్నారు: "ఆవిడ కంపెనీ సెక్రటరీ అమ్మా. అసలు కంపెనీ నడిచేది ఆవిడ చేతుల మీదే."

పిల్లల చెవిన ఏ మాట ఎక్కడ పడి మొలకెత్తుతుందో చెప్పలేం. దాని క్లాసులో పిల్లలంతా ఇంజనీరింగ్ కోచింగుకి పరిగెడుతుంటే ఇది కంపెనీ సెక్రటరీ చదువుతానంది. చదివింది, ప్యాసయింది. మా ఆయన ఆరోజు ఏడ్చారు. ఉల్లిపాయలు తరుగుతున్నది నేనైతే కళ్లు తుడుచుకుంది ఆయన.

కానీ రాత చూడండి. దానికి మొదటి ఉద్యోగం వచ్చేసరికి కరోనా వచ్చి మీటింగులన్నీ కంప్యూటర్ తెర మీదికి పోయాయి. ఆ కంపెనీ షేరు ఈయన కొన్నారు, తెర ముందు తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నారు. ఛైర్మన్ మొహం కనిపించింది, అమ్మాయి గొంతు మాత్రం అరనిమిషం వినిపించింది. "మొహం కూడా చూపిస్తే వీళ్ల సొమ్మేం పోయింది?" అని రెండు రోజులు విసుక్కున్నారు. తర్వాత అమ్మాయి ఆ ఉద్యోగం మానేసి గుర్‌గావ్‌లో ఒక ఏఐ కంపెనీలో చేరింది. పేరు రాస్తే మా అమ్మాయి ఊరుకోదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే మనిషిలా మాట్లాడి అపాయింట్‌మెంటు ఇచ్చే యంత్రాన్ని తయారుచేస్తారట. అక్కడ వాటాదారులు కొద్దిమందే, మీటింగు మాత్రం ఎదురెదురుగా కూర్చునే జరుగుతుందట. ఒక ఆదివారం అన్నం తింటూ అది ఈ మాట అనేసింది. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అది గుర్‌గావ్ వెళ్లిపోగానే ఆయన నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "భానూ, ఆ కంపెనీ షేరు ఒక్కటి కొంటాను. దానికి చెప్పకు. మీటింగు రోజు నేను ఎదురుగా కూర్చుని ఉంటే చూసుకుంటుంది."

"చూసుకుని ఏం చేస్తుంది? సిగ్గుతో చస్తుంది."

"చావదు. నాకు మాత్రం ఒక్కసారి చూడాలనుంది. ఆ కుర్చీలో అది ఎలా కూర్చుంటుందో, ఎలా మాట్లాడుతుందో చూడాలనుంది. ఇంకేం అడగను."

ఆ గొంతులో బతిమాలుకోవడం విని నాకు కోపం పోయింది. మా రెండో బాత్రూం బాగుచేయించడానికి ఉంచిన డబ్బు తీసుకోమన్నాను.

అయితే ఇది సిమెంటు కంపెనీ కాదు కదా, బ్రోకరుకి ఫోన్ చేసి కొనడానికి. మార్కెట్లో లేని కంపెనీ. వాళ్లనీ వీళ్లనీ అడిగి చివరికి లక్ష్మీనగర్‌లో గోపీకృష్ణ అనే కుర్రాణ్ణి పట్టుకున్నారు. నల్గొండ అబ్బాయి. సివిల్స్‌కని వచ్చి ముఖర్జీ నగర్‌లో ఏళ్లపాటు చదివి, అవకాశాలన్నీ అయిపోయాక ఊరికి పోలేక ఈ వ్యాపారంలో దిగాడు. జిరాక్సు షాపు పైన చిన్న ఆఫీసు. నా బాత్రూం డబ్బు ఎవరి చేతిలో పడబోతోందో చూద్దామని నేనూ వెళ్లాను.

"అంకుల్, ఇది ఫోన్ల యాప్ తెరిచి కొంటానంటే దొరకదు," అన్నాడు, మాకు చాయ్ తెప్పించి. "స్టాక్ మార్కెట్ బయట నడిచే సరుకు ఇది. పెద్ద పెద్ద ఫండ్లల్ల కోట్లు పెట్టేటోళ్లకు ఒక దారి ఉంది, అది మనకు వద్దు. చిన్నోళ్లు ఒక గుంపుగ కలుస్తరు. ఆ గుంపు పేరు మీద షేర్లు కొంటం. పెరిగితే ఎవరి వాటా వాళ్లకు వస్తది."

"నా పేరు కంపెనీ సభ్యుల రిజిస్టర్లో ఎక్కుతుందా?" అని అడిగారు ఈయన.

గోపీకృష్ణ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గుంపు పేరు ఎక్కుతది అంకుల్. మీ పేరు మా దగ్గర ఉంటది."

"అయితే మీటింగుకి నన్ను రానివ్వరు."

"ఏ మీటింగ్ అంకుల్?"

ఆ అబ్బాయిని ఎంత పెరుగుతుందని అడిగినవాళ్లే గాని, మీటింగుకి రానిస్తారా అని అడిగినవాళ్లు ఇంతవరకూ లేనట్టున్నారు. ఈయన ఓపికగా చెప్పారు, నేరుగా తన పేరు మీదే కావాలని. అయితే ఆ కంపెనీ వదిలి బెంగళూరు వెళ్లిపోయిన ఒక పాత ఉద్యోగి దగ్గర కొన్ని షేర్లున్నాయని, ఒక్కటి విడిగా అమ్మడని, కాసిని అమ్మమని అడుగుతానని గోపీకృష్ణ అన్నాడు. ధర చెప్పాడు.

"ఈ ధర ఎవరు కట్టారు బాబూ?" అన్నాను.

"మార్కెట్ల ఇదే నడుస్తున్నది ఆంటీ."

"ఏ మార్కెట్టు? మార్కెట్లో లేని కంపెనీ అని ఇప్పుడేగా చెప్పావు."

అతను నవ్వాడు. పాపం, మంచివాడే. "అచ్ఛా ఆంటీ, నిజం చెప్త. కొనేటోడు, అమ్మేటోడు ఒప్పుకున్నదే ధర. కంపెనీ లెక్కలు మనకు పూర్తిగ కనపడవు. రేపు అమ్మాలన్నా మళ్లీ ఇట్లనే ఎవరో ఒకరు దొరకాలె. దొరకకుంటే ఏండ్లు కూసోవాలె. పోయినా ఫరవాలేదనుకున్న పైసలే పెట్టాలె."

"బాత్రూం లేకపోయినా ఫరవాలేదు," అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

కాగితాలు తయారయ్యాయి. బదిలీకి కంపెనీ బోర్డు ఒప్పుకోవాలి, అది మామూలే అంకుల్ అన్నాడు గోపీకృష్ణ. ఈయన తలూపారు. ఎన్నో కంపెనీల షేర్లు కొన్న మనిషి, ఎవరూ ఎప్పుడూ కాదనలేదు. డబ్బిస్తే షేరు వస్తుంది, షేరు వస్తే పిలుపు వస్తుంది, అంతే ఆయనకు తెలిసిన లోకం. బోర్డుకి పంపే దరఖాస్తు ముందుగా వెళ్లేది కంపెనీ సెక్రటరీ బల్ల మీదికేనని, ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసిన మనిషికి తట్టలేదు. నాకూ తట్టలేదు. పిలుపు వస్తే వేసుకోవడానికి ఆయన కోటు డ్రైక్లీనింగుకి ఇచ్చి వచ్చాను.

ఎప్పుడూ ఆదివారమే వచ్చే అమ్మాయి ఆ వారం బుధవారం సాయంత్రం వచ్చింది. మెడలో ఆఫీసు కార్డు అలాగే ఉంది. చెప్పులు విప్పలేదు.

"నాన్నా, యే క్యా కియా ఆప్‌నే? ఏం పని ఇది?" అంది. కోపం వస్తే దానికి హిందీ వస్తుంది.

ఆయన లేచి నిలబడ్డారు, ఏదో తప్పు చేసి దొరికిన పిల్లాడిలా.

అది కూర్చోకుండానే చెప్పింది. కంపెనీలోకి కొత్తగా పెద్ద పెట్టుబడి వచ్చే మాటలు నడుస్తున్నాయట. అది కుదిరితే షేరు విలువ ఎంతో పెరుగుతుంది. బయటివాళ్లకు తెలియని సంగతి. సరిగ్గా ఆ సమయంలో కంపెనీ సెక్రటరీ తండ్రి వెతుక్కుని వెతుక్కుని షేర్లు కొన్నాడు. "లోగ్ క్యా సోచేంగే? నేనే నీకు చెప్పాననుకుంటారు. నా ఉద్యోగం పోతుంది, తర్వాత ఎక్కడా రాదు. మా పనిలో నమ్మకం ఒక్కటే కదా నాన్నా."

ఆయన కాగితం, పెన్ను వెతుక్కున్నారు.

"నేను వెనక్కి తీసుకుంటానమ్మా. ఇప్పుడే రాసిస్తాను."

"ఇప్పుడు తీసుకుంటే దాచిపెట్టినట్టుంటుంది. నీ దరఖాస్తు కవరు తెరవగానే నేనే వెళ్లి ఛైర్మన్‌కి చెప్పేశాను, ఈయన మా నాన్న అని. శుక్రవారం బోర్డు మీటింగు ఉంది. నీతో మాట్లాడాలన్నారు." అప్పుడు కూర్చుంది. గొంతు తగ్గింది. "ఎందుకు కొన్నావు? డబ్బుకి కాదని నాకు తెలుసు. కానీ ఎందుకో తెలియట్లేదు."

మైకు దొరికితే వదలని మనిషి, సొంత కూతురు అడిగితే చెప్పలేదు. నేను చెప్పబోతే చేత్తో ఆపారు. అది నేను పెట్టిన ఉప్మా రెండు స్పూన్లు తిని, మెట్రో పట్టుకుని వెళ్లిపోయింది. ఆయన ఆ రాత్రంతా ఒకటే మాట, దాని అన్నంలో మట్టి కొట్టానా భానూ అని. కోప్పడదామని అనుకున్నదంతా మింగేశాను.

శుక్రవారం ఇద్దరం మెట్రోలో వెళ్లాం. రాజీవ్ చౌక్‌లో దిగి లైను మారి గుర్‌గావ్. దారి పొడుగునా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏం చెప్పాలో వల్లెవేసుకుంటున్నారు. ఆ ఆఫీసులో గోడలన్నీ అద్దాలే. నేను బయట సోఫాలో కూర్చోబోతుంటే ఛైర్మన్ తనే తలుపు తీసి, "ఆంటీ, ఆప్ భీ ఆయియే," అని నన్నూ లోపలికి పిలిచాడు. ఛైర్మన్ అంటే ఎలా ఉంటాడో అనుకున్నాను. టీషర్టు వేసుకున్న కుర్రాడు, మా అమ్మాయికన్నా అయిదారేళ్లు పెద్ద అయి ఉంటాడు. పక్కన తెల్లజుట్టు డైరెక్టరు ఒకాయన. గోడ మీద తెరలో మరో ఇద్దరు.

ఛైర్మన్ ఎడమవైపు మా అమ్మాయి.

నీలం చీర కట్టుకుంది. జుట్టు వెనక్కి ముడి వేసింది. ముందు ల్యాప్‌టాపు, ఫైలు. మమ్మల్ని చూసి, లోపలికి వచ్చిన ఎవరినైనా చూసినట్టే చూసి, "ప్లీజ్ సిట్ డౌన్," అంది. నా కడుపున పుట్టిన పిల్ల నన్ను కూర్చోమని ఇంగ్లీషులో మర్యాద చేసింది. నవ్వొచ్చింది, భయమూ వేసింది. మా ఆయన మాత్రం కూర్చోలేదు. దాన్నే చూస్తూ నిలబడిపోయారు. కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టడానికి ఆయన చీర కట్టుకోలేదు కాబట్టి కోటు పట్టుకుని లాగాను.

అడిగింది తెల్లజుట్టు డైరెక్టరు. హిందీలోనే అడిగాడు. కంపెనీలోకి రాబోయే డబ్బు గురించి మీ అమ్మాయి మీకేమైనా చెప్పిందా అని.

"ఆఫీసు సంగతులు ఒక్క ముక్క చెప్పదు సార్," అన్నారు ఈయన. "చెప్పదు కాబట్టే షేరు కొన్నాను."

అందరూ తలెత్తారు. అమ్మాయి చేతులు ల్యాప్‌టాపు మీద ఆగాయి.

ఆయన మెట్రోలో వల్లెవేసుకున్నదంతా ఏమైపోయిందో గాని, లేచి నిలబడి మామూలుగా చెప్పారు. దాని చిన్నప్పుడు మీటింగులకు తీసుకెళ్లేవాణ్ణని, స్టేజీ మీద కూర్చునే ఆవిణ్ణి చూసి ఇది ఈ చదువు చదివిందని, దాన్ని ఆ కుర్చీలో చూడాలని ఎన్నేళ్లనుంచో కోరికని. "మీ కంపెనీలో ఒక్క షేరుంటే మీటింగుకి రావచ్చనుకున్నాను. ఇంత గొడవవుతుందని తెలియదు. తప్పంతా నాది. దాని మీద మీరు ఏ అనుమానమూ పెట్టుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను." నిజంగానే చేతులు జోడించారు.

నేను అమ్మాయి వైపు చూడలేకపోయాను. బల్ల మీద నీళ్ల గ్లాసు చూస్తూ కూర్చున్నాను.

నిర్ణయం తీసుకునేటప్పుడు తాను గదిలో ఉండకూడదని అమ్మాయే లేచింది. ముగ్గురం బయట అద్దం పక్కన నిలబడ్డాం. అది ఫైలుని రెండు చేతులతో గుండెకు అదుముకుని నేల చూస్తోంది. చిన్నప్పుడు పరీక్ష ఫలితాల రోజు స్కూలు బోర్డు ముందు ఇలాగే నిలబడేది. దగ్గరికి తీసుకోవాలనిపించింది. అది ఆఫీసు కదా, ఊరుకున్నాను.

మళ్లీ పిలిచారు. ఛైర్మన్ ఒక కాగితం అమ్మాయి ముందుకు జరిపి, రికార్డు కోసం చదవమన్నాడు. అది లేచి నిలబడి ఇంగ్లీషులో చదివింది. బదిలీ దరఖాస్తు తన తండ్రిదని కంపెనీ సెక్రటరీ వెంటనే తెలియజేసిందనీ, ఆమె వైపునుంచి ఎలాంటి లోపమూ బోర్డుకి కనబడలేదనీ మొదటి పేరా. వైశాలి నివాసి శ్రీ ఉమాశంకర్ పేరిట షేర్ల బదిలీని నమోదు చేయడానికి బోర్డు నిరాకరిస్తోందనీ, కంపెనీ నియమాల ప్రకారం బయటి వ్యక్తులను సభ్యులుగా చేర్చుకోవడం లేదనీ రెండోది. గొంతు ఎక్కడా తడబడలేదు. ప్రతి మాట స్పష్టంగా, గదిలో చివరి కుర్చీకి కూడా వినిపించేలా చదివింది. ఉద్యోగం నిలబడిందని నాకు ఊపిరి వచ్చింది. పక్కకు తిరిగి చూస్తే, కాదన్నారని బాధపడాల్సిన మనిషి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, కళ్లు ఆర్పకుండా దాన్నే చూస్తూ వింటున్నారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మొహం అంత వెలిగిపోవడం నేను చూడలేదు.

"మీరేమైనా చెబుతారా అంకుల్?" అన్నాడు ఛైర్మన్.

"ఏమీ లేదు సార్. ఠీక్ హై," అన్నారు.

తర్వాత గోపీకృష్ణ తన కమిషను మినహాయించుకుని డబ్బు వెనక్కి ఇప్పించాడు. ఆ మినహాయింపు చూసి నేను ఒక పూట రుసరుసలాడాను, అది వేరే సంగతి.

ఆ శుక్రవారం మమ్మల్ని సాగనంపడానికి లిఫ్టు దాకా అమ్మాయి వచ్చింది. చుట్టూ ఎవరూ లేరు. మీట నొక్కి, లిఫ్టు వచ్చేదాకా నంబర్లు చూస్తూ నిలబడింది. తర్వాత, వాళ్ల నాన్న వైపు తిరగకుండానే అడిగింది.

"సరిగ్గా చదివానా నాన్నా?"

ఇన్నేళ్లుగా ఇన్ని హాళ్లలో విన్న మనిషి, ఉత్తుత్తినే మెచ్చుకోరు.

"బాగా చదివావమ్మా. రెండో పేరా దగ్గర మాత్రం కొంచెం తొందరపడ్డావు."

"నీ పేరు ఉంది కదా అక్కడ," అంది అమ్మాయి.